మాసీ 1035, ఇంటర్నేషనల్ బీ-275: మా మేనల్లుడి బేరం

ఉభాలు అయిపోయి కాస్త నడుం వాల్చే తీరిక దొరికింది కాబట్టి ఈ వారం పోస్టు కొంచెం పెద్దది. ఓపిక ఉన్నవాళ్లు మొత్తం చదవండి. లేనివాళ్లు కింద గొలుసు గురించి రాసిన ముక్క మాత్రం చదివి వెళ్లండి, అది ప్రాణాలతో పని.

సంగతి ఏటంటే, మా మేనల్లుడు విశాఖపట్నంలో ఆరేళ్లు ఉద్యోగం చేసి ఈ వేసవిలో ఇంటికి వచ్చీసినాడు. సొంతం మూడెకరాలు, కౌలు రెండెకరాలు. చేతిలో 1,50,000 ఉంది. కొత్త ట్రాక్టరుకి ఆరేడు లక్షలు పెట్టలేడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, నిజమే, కానీ లక్షన్నర ఉన్నవాడికి ఆ తగ్గుదల ఏ మూలకి? అందుకని పాత బండి చూసుకుని, తన మడి తను దున్నుకుంటూ, మిగతా రోజులు అద్దెకి తిప్పుకుందాం అనుకున్నాడు.

రెండు బేరాలు తగిలాయి. గుర్ల వైపు ఒక మాసీ ఫెర్గూసన్ 1035, 1981 మోడల్, 1,15,000 చెప్తున్నారు. గరివిడి వైపు ఒక ఇంటర్నేషనల్ బీ-275, అంటే మహీంద్రా వాళ్ల పాత బండి, 1978 మోడల్, 80,000 అంటున్నారు. రెండూ ఎరుపే, రెండూ 35 హార్స్ పవర్ లెక్కలోవే. "మావా, ఏటి కొనమంటావు?" అని వచ్చి కూర్చున్నాడు.

వీడికి ఫోన్లో అమెరికా కార్ల వీడియోలు చూసే అలవాటు ఒకటుంది. అక్కడ 1964లో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్ అని ఒక కారు తెచ్చింది. దానికి పోటీగా 1966లో జనరల్ మోటార్స్ వాళ్లు షెవ్రొలే కమారో తెచ్చారు. వాటిని కండల కార్లు అంటారట. ఏది గొప్పదని ఇప్పటికీ ముసలాళ్లు కూడా కొట్టుకుంటారట. "అలాంటివే మావా ఈ రెండూ. గాని వాటికి మూడొందల హార్స్ పవర్, నీ మాసీకి ముప్పై ఐదే" అని నవ్వినాడు.

"ఒరే, ఆ మూడొందలూ మన చెరువు కింద మడిలో దించు, ఎంత దూరం వెళ్తాదో చూద్దాం" అన్నాను.

ఇది నవ్వులాటకి అన్న మాట కాదు. పాత బండి కొనేవాళ్లు చాలామంది హార్స్ పవర్ ఒక్కటే అడుగుతారు. హార్స్ పవర్ అంటే ఇంజను తిప్పే బలాన్ని, అది తిరిగే వేగాన్ని కలిపి వేసిన లెక్క. కారు ఇంజను నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరిగి ఆ అంకె తెచ్చుకుంటుంది. మన ట్రాక్టరు ఇంజను రెండు వేల దరిదాపుల్లోనే పని చేస్తుంది. దాన్ని గేర్ల పెట్టె, వెనక హౌసింగు కలిసి ఎంతలా తగ్గిస్తాయంటే, లో ఫస్టు గేరులో పెద్ద చక్రం నిమిషానికి పది పన్నెండు సార్లు తిరిగితే ఎక్కువ. తిరుగుడు తగ్గిన కొద్దీ లాగుడు పెరుగుతుంది. మనం పుల్లింగ్ అంటామే, అది ఇది. జత ఎడ్లు కలిసి ఇచ్చేది సుమారు ఒక హార్స్ పవర్. ఆ ఒక్క హార్స్ పవర్‌తోనే కదా మన తాతలు ఇంత నేలా దున్నింది.

ఇంకో సంగతి. ఎంత పుల్లింగ్ ఉన్నా చక్రం నేలను పట్టుకోకపోతే అది గాల్లో తిరిగినట్టే. పట్టు రావాలంటే వెనక చక్రాల మీద బరువు పడాలి. బరువు కోసం బండినే బరువుగా చేస్తే మడిలో దిగబడుతుంది. ఈ చిక్కుముడి విప్పినవాడి పేరే మాసీ ఫెర్గూసన్‌లో ఫెర్గూసన్.

హ్యారీ ఫెర్గూసన్ ఐర్లండ్‌లో ఒక రైతు కొడుకు, 1884లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి అక్కడ ఫోర్డ్సన్ ట్రాక్టర్లు వచ్చాయి. అంటే మస్టాంగ్ చేసిన ఆ ఫోర్డ్ కంపెనీవే. అప్పట్లో నాగలిని ట్రాక్టరు వెనక బండికి కట్టినట్టు కట్టి ఈడ్చేవారు. నాగలి ఏ రాయికో వేరుకో తగిలి ఆగిపోతే, చక్రం మాత్రం తిరగాలని చూసేది. తిరగలేక ట్రాక్టరు ముందుభాగం పైకి లేచి, వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడేది. అలా జనం చచ్చిపోయేవారు. ఫెర్గూసన్ ఏం చేశాడంటే నాగలిని మూడు చోట్ల బిగించాడు. కింద రెండు చేతులు, పైన ఒక టాప్ లింక్. దానికి హైడ్రాలిక్ కలిపాడు. నాగలి నేలలో బిగిస్తే టాప్ లింక్ ముందుకి నెడుతుంది, అక్కడున్న స్ప్రింగు నొక్కుకుంటుంది, హైడ్రాలిక్ నాగలిని కాస్త పైకి పడుతుంది. పట్టిన ఆ బరువంతా వెనక చక్రాల మీదకి వస్తుంది. అదే టాప్ లింక్ నెట్టుడు ముందుభాగాన్ని లేవనివ్వదు. అంటే నేల ఎంత గట్టిగా పట్టుకుంటే బండికి అంత పట్టు వస్తుంది, బండి మాత్రం తేలిగ్గానే ఉంటుంది.

మన నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ ఉంది కదా, వెయిట్ లిఫ్టర్ల ఊరు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో 53 కేజీల విభాగంలో పతకం తెచ్చింది. ఆ పిల్లలు ఎత్తేటప్పుడు ఎప్పుడైనా చూశారా? తమకంటే ఎక్కువ బరువుని ఒంటికి ఆనించి, కాళ్ల మీదకి తెచ్చుకుని లేపుతారు. చేతులు చాచి లేపరు. ఫెర్గూసన్ పని కూడా అదే, బరువుని తన కాళ్ల మీదకి తెచ్చుకోవడం.

1938లో ఫెర్గూసన్ ఆ ట్రాక్టరు తీసుకెళ్లి అమెరికాలో హెన్రీ ఫోర్డ్‌కి చూపించాడు. ఇద్దరూ కాగితం మీద ఏమీ రాసుకోలేదు, చేతులు కలుపుకున్నారు, అంతే. 1939 నుంచి ఫోర్డ్ ఆ హైడ్రాలిక్‌తో ట్రాక్టర్లు చేసింది. తర్వాత మనవడు కంపెనీ చేతికి తీసుకుని 1947లో ఆ మాట తెంచీసుకున్నాడు, హైడ్రాలిక్ పద్ధతి మాత్రం వదల్లేదు. ఫెర్గూసన్ కోర్టుకి ఎక్కాడు, 25 కోట్ల డాలర్లకి పైగా అడిగాడు, 1952లో 92.5 లక్షల డాలర్లకి రాజీ అయ్యాడు. మన ఊళ్లో నోటిమాట కౌలుదార్లు ఈ కథని ఒకసారి గట్టిగా చదవాలి. ఈలోగా ఇంగ్లండ్‌లో కోవెంట్రీ దగ్గర ఫెర్గూసన్ ట్రాక్టరు 1946 నుంచి 1956 దాకా 5 లక్షలకి పైగా తయారైంది. 1953లో కెనడా కంపెనీ మాసీ హారిస్‌తో కలిసింది. ఆ వంశంలో వచ్చిన 35 మోడల్‌కి మన దేశం బిడ్డే 1035. మద్రాసులో 1960లో పుట్టిన టాఫే చేసింది. ఇంజను అదే గూటిలోని సింప్సన్ కంపెనీది, మూడు సిలిండర్లు, పెర్కిన్స్ నమూనా.

ఆ పేరు మీద టాఫేకి, అమెరికా ఆగ్కో కంపెనీకి మధ్య 2024లో పెద్ద తగాదా వచ్చి, 2025లో రాజీ అయ్యింది. మన దేశంలో మాసీ ఫెర్గూసన్ పేరు ఇప్పుడు టాఫేదే. ఆ పేరు పుట్టినప్పటి నుంచీ దానికి కోర్టు పక్షి యోగం ఉన్నట్టుంది.

ఇక రెండోది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అమెరికాలో షికాగో కంపెనీ, 1902లో పుట్టింది. బీ-275 దాని ఇంగ్లండ్ ఫ్యాక్టరీ డాంకాస్టర్ బండి. 1963లో మహీంద్రా, వోల్టాస్, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ముగ్గురూ కలిసి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ ఆఫ్ ఇండియా పెట్టారు. 1965లో బొంబాయి కాందివలి నుంచి మొదటి బండ్లు బయటికొచ్చాయి. 1977లో ఆ కంపెనీ మహీంద్రాలో కలిసిపోయింది. షికాగో కంపెనీ ఏమో ఎనభైల మధ్యలో చితికిపోయి దాని ట్రాక్టర్ల వ్యాపారం ఇంకొకరి చేతికి పోయింది. నేర్చుకున్న మహీంద్రా మాత్రం ఇప్పుడు లెక్కకి ప్రపంచంలోనే ఎక్కువ ట్రాక్టర్లు అమ్మే కంపెనీ. మన జహీరాబాద్‌లో కూడా వాళ్ల ఫ్యాక్టరీ ఉంది.

మా ఇళ్లల్లో ఈ రెండూ ఉండేవి. మా నాన్నది మాసీ. మా పెదనాన్నది బీ-275. ఆయన దాన్ని చచ్చేదాకా మహీంద్రా అనలేదు, "ఇంటర్నేషనలు" అనే అనేవారు. కాబట్టి నేను చెప్పేది పుస్తకం చూసి చెప్పేది కాదు, రెండింటి సీటు మీదా కూర్చుని ఎముకలు కదిలించుకున్నవాణ్ని.

మాసీ మడిలో రాజు. దమ్ము పట్టేటప్పుడు కేజ్ వీల్స్ వేసి దించితే, ఆ చిన్న చిన్న మళ్లల్లో గట్టు తెగకుండా మూల తిప్పుకుని వచ్చీసేది. సీటు పక్కన రెండు పిడులుంటాయి. ఒకటి గొర్రు ఎంత ఎత్తులో ఉండాలో చెప్పేది, రెండోది ఎంత బరువు లాగాలో చెప్పేది. మనవాళ్లల్లో పదిమందిలో ఎనిమిదిమంది మొదటిదే వాడతారు, రెండోది తుప్పు పట్టిపోయి ఉంటుంది. నేల మెత్తగా ఒకచోట, గట్టిగా ఒకచోట ఉన్న మెట్టలో దున్నేటప్పుడు ఆ రెండో పిడి వాడి చూడండి, ఇంజను ఏడుపు సగం తగ్గుతుంది. మా నాన్న దాన్ని "దీని బుర్ర" అనేవారు. సీటు మీద కూర్చున్నవాడు మరిచిపోయినా అది మరిచిపోదట. డీజిలు దమ్ములో గంటకి మూడు లీటర్ల చుట్టూ తాగేది.

దాని లోపం రోడ్డు మీద బయటపడుతుంది. ముందు తేలిక. తొట్టి నిండా లోడు వేసి ఎత్తు ఎక్కిస్తుంటే ముక్కు లేపుతుంది. స్టీరింగు తిప్పినా చిన్న టైర్లు నేల మీద లేకపోతే బండి ఎటు పోతుంది చెప్పండి? గేర్లు కూడా పాత రకం. నడుస్తుండగా మార్చబోతే గరగరమని ఊరంతా వినిపిస్తుంది. ఎత్తు మొదట్లోనే గేరు ఎంచుకుని ఎక్కాలి. మధ్యలో మనసు మార్చుకునే వీల్లేదు.

ఇంటర్నేషనల్ వేరే ఊరి మనిషి. దానికి నాలుగు సిలిండర్లు, ముందుకి ఎనిమిది గేర్లు. మాసీకి ఆరు. ఆ రెండు గేర్ల తేడా కాగితం మీద చిన్నదే గాని తొట్టితో వెళ్లేవాడికి పెద్దది. మూడుకి ఎక్కువ, నాలుగుకి తక్కువ అనిపించే ఎత్తులు మన దారుల్లో ఎన్నో ఉంటాయి. పెదనాన్న గోగునార కట్టలు నెల్లిమర్ల మిల్లుకి, చెరకు భీమసింగి ఫ్యాక్టరీకి దాంతోనే తోలేవారు. నాలుగు సిలిండర్లు కాబట్టి శబ్దం కూడా దడదడ కాకుండా ఒక ధారగా ఉండేది. అర్ధరాత్రి చెరకు దింపి తిరిగొస్తుంటే మంచంలో పడుకునే ఇది పెదనాన్న బండి అని చెప్పీసేవాళ్లం.

దాని ఇంజనులో డీజిలు నేరుగా సిలిండరులో పడదు. పక్కన చిన్న గదిలో పడి, అక్కడ మొదట మండి, తర్వాత లోపలికి వస్తుంది. అందుకే మెత్తగా నడుస్తుంది. అందుకే చలికాలం పొద్దున్నే లేవడానికి మొండికేస్తుంది, హీటర్ ప్లగ్గులు వేడి చేసి, దేవుణ్ని తలుచుకుని తిప్పాలి. వేడి ఆ చిన్న గది గోడలకి కొంత పోతుంది కాబట్టి డీజిలు కూడా కాస్త ఎక్కువ. మా రెండు బళ్లకి గంటకి అర లీటరు పైన తేడా ఉండేది. తర్వాత వచ్చిన బళ్ల పేర్ల వెనక డీఐ అని రాసి ఉంటుంది చూడండి, అంటే డీజిలు నేరుగా సిలిండరులోకే కొట్టే రకం అని. మాసీ ముందు నుంచీ ఆ దారిదే.

మడిలో ఇంటర్నేషనల్ చేతకానిదేమీ కాదు గాని దాని లిఫ్టుకి మాసీ అంత సున్నితం లేదు. పల్లపు మళ్లల్లో పెదనాన్న ఎప్పుడూ గట్టు మీద నిలబడి ముందు కర్రతో పొడిచి చూసేవారు. మా నాన్న పొడవకుండానే దించీసేవారు. అన్నదమ్ములిద్దరూ దీని మీద ఎన్ని సంక్రాంతులు వాదించుకున్నారో లెక్కలేదు. ఒకరి బండిని ఒకరు పొగిడినట్టు నేను వినలేదు. కానీ నూర్పుల సమయంలో ఒకరి బండి ఆగితే రెండోది అడగకుండానే కల్లంలోకి వచ్చీసేది.

ఇప్పుడు ఆ గొలుసు సంగతి.

ఫెర్గూసన్ కనిపెట్టిన భద్రత మూడు చోట్లా బిగించిన నాగలికీ గొర్రుకీ మాత్రమే. తొట్టికి అది వర్తించదు. బురదలో దిగబడిన బండిని గొలుసుతో లాగేటప్పుడు అసలే వర్తించదు. కొన్నేళ్ల కిందట మా పక్క ఊరి కుర్రాడు, పేరు రాయను, దిగబడిన ఇంకో ట్రాక్టరుని లాగడానికి గొలుసుని టాప్ లింక్ తగిలించే చోట కట్టాడు. ఎత్తుగా ఉంటే బాగా లాగుతుందని ఎవరో అన్నారట. క్లచ్ ఒక్కసారి వదిలాడు. ముందు లేచింది, మరి దిగలేదు. అలా వెనక్కి తిరగబడడానికి పట్టేది ఒకటిన్నర సెకను. ముందు లేచిందని బుర్రకి తెలిసి, కాలు క్లచ్ మీదకి వెళ్లేలోపే అయిపోతుంది. వాడికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు. అది మాసీ కాదు, ఇంటర్నేషనల్ కాదు, కొత్త బండి. కాబట్టి ఇది బ్రాండు గొడవ కాదు.

లాగే చోటు ఎప్పుడూ వెనక ఇరుసు మధ్య కంటే కింద ఉండాలి. పైన కడితే ఆ లాగుడే బండిని వెనక్కి తిప్పుతుంది. తొట్టి హుక్కు కింద డ్రాబారుకే. ఇంకోటి, మనవాళ్లు దిగబడినప్పుడు పెద్ద చక్రానికి దుంగ కట్టి ముందుకి పోనిస్తారు. దుంగ నేలలో బిగిసి చక్రం తిరగలేకపోతే, ఇంజను బలానికి బండి ఒళ్లే ఇరుసు చుట్టూ తిరిగి పైకి లేస్తుంది. దుంగ కట్టొద్దు. వెనక్కి తీసి చూడండి, చక్రాల వెనక తవ్వండి, రాకపోతే ఇంకో బండి తెచ్చి కింద హుక్కుకి కట్టి నెమ్మదిగా లాగండి. ఒక పూట పోతుంది, పోనీ. మా మేనల్లుడికి ఈ మాట మూడుసార్లు చెప్పాను, నాలుగోసారి వాళ్లమ్మ చేత చెప్పించాను.

రోడ్డు మీదకి వచ్చేముందు రెండు బ్రేకు పెడళ్లనీ కలిపే కొక్కెం వేసుకోండి. మడిలో విడివిడిగా వాడి, అలాగే తొట్టితో రోడ్డెక్కితే ఒక పక్క బ్రేకే పడి బండి అడ్డం తిరుగుతుంది. పాత బళ్లల్లో ఆ కొక్కెం ఊడిపోయి ఉంటుంది. వెల్డింగు షాపులో అరగంట పని.

సరే, బేరానికి వద్దాం. మా వాడి మనసు ఇంటర్నేషనల్ మీదుంది. కారణం 35,000 తేడా ఒకటి, ఆ శబ్దం రెండు. వాడి వాదనలో పస ఉంది, కాదనను. "మావా, ఇప్పుడు దమ్ముకి అందరూ యాభై హార్స్ పవర్ బండీ రోటావేటరూ పిలుస్తున్నారు. నన్నెవడు పిలుస్తాడు? నాకు అద్దె వచ్చేది తొట్టి మీదే. గత్తం తోలాలి, గడ్డి తోలాలి, మొక్కజొన్న తోలాలి, ఇటుక తోలాలి. తొట్టికి ఇంటర్నేషనలే మంచిదని నువ్వే సెప్తున్నావు కదా" అన్నాడు.

కూర్చుని ఇద్దరం రోజులు లెక్కేశాం. వాడి సొంత అయిదెకరాలకీ, చుట్టాల మళ్లకీ కలిపి దమ్ము పన్నెండు రోజులు. మెట్ట దుక్కి ఎనిమిది రోజులు. తొట్టి పని, అన్నీ బాగుంటే, ఏడాదికి డెబ్బై రోజులు. లెక్క చూస్తే వాడే గెలిచాడు. మాసీ మనిషినైన నాకు నోట మాట రాలేదు కాసేపు.

అయినా నేను మాసీయే కొనమన్నాను. ఎందుకంటే ఆ డెబ్బై రోజులూ బండి నడిస్తే కదా. 1035 కొత్త రూపంలో ఇప్పటికీ అమ్ముడవుతోంది. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజనుకి లైనరు, పిస్టను, నాజిల్ విజయనగరంలో పొద్దున్న వెళ్తే మధ్యాహ్నానికి తెచ్చుకోవచ్చు. చీపురుపల్లిలోనైనా దాన్ని విప్పి బిగించగల మేస్త్రీ దొరుకుతాడు. నాలుగు సిలిండర్ల పాత బీ-275 సామాను అలా కాదు. తర్వాత వచ్చిన 275 డీఐ పేరులో అంకె ఒకటే గాని ఇంజను వేరు, మూడు సిలిండర్లు, దాని సామాను దీనికి పనికిరాదు. పెదనాన్న బండి చివరి రోజుల్లో ఒక హెడ్డు కోసం నెలన్నర కల్లం పక్కన పడుంది. ఆ నెలన్నర జూలై, ఆగస్టు. 35,000 మిగిలిందని సంబరపడితే అది ఒక్క సీజను ఆగడంతో పోతుంది.

మాసీ రోడ్డు మీద ముక్కు లేపడానికి మందు ఉంది. ముందు బంపరుకి బరువులు బిగించాలి, హుక్కు కిందే ఉంచాలి, లోడు తొట్టిలో వెనక్కి ఎక్కువ వేయకుండా చూసుకోవాలి గాని ముందు అంచున కూడా కుప్ప పోయకూడదు, అదంతా హుక్కు మీద కూర్చుంటుంది. పెద్ద తొట్టి ఆశ పెట్టుకోకూడదు. ఇంటర్నేషనల్ లాగినంత ఇది లాగదు. మూడు ట్రిప్పుల పని నాలుగు ట్రిప్పుల్లో చేసుకోవాలి. వాడికి నచ్చనిది ఇదే.

ఏది కొన్నా చూసే పద్ధతి ఒకటే కాబట్టి అది కూడా చెప్పేస్తాను. చెప్పకుండా తెల్లారకముందే వెళ్లండి. ముందు బానెట్ తీసి ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే లేపి ఉంచారన్నమాట, ఇంకో రోజు వస్తాం అని చెప్పి వచ్చీయండి. చల్లని ఇంజను ఎన్ని తిప్పులకి లేచిందో చూడండి, ఇంటర్నేషనల్ అయితే హీటరుకి టైమిచ్చి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిలు మండుతున్నట్టు, బోరు పని ఉంది. రేడియేటరు మూత చల్లగా ఉన్నప్పుడే తీసి నీళ్ల మీద నూనె తేలుతోందేమో చూడండి. గొర్రు తగిలించి లిఫ్టు ఎత్తి, ఇంజను ఆపి, టీ తాగి రండి. అప్పటికి గొర్రు నేల మీద కూర్చుని ఉంటే హైడ్రాలిక్‌కి ఖర్చుంది. మాసీ అయితే ఆ రెండో పిడి కదులుతుందో లేదో చూడండి, అది బిగుసుకుపోయిన బండికి నేను పది వేలు తగ్గించి అడుగుతాను. ఎత్తులో గేరు దానంతటదే జారుతోందేమో తోలి చూడాలి. ముందు ఇరుసు మధ్య పిన్ను అరిగితే చిన్న టైర్లు తాగినవాడి కాళ్లలా ఊగుతాయి.

కాగితాలు మాత్రం బండికంటే ముందు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం కలవాలి. పాత రోజుల్లో చాలా బళ్లు భూమి తాకట్టు పెట్టి అప్పుతో కొన్నవి. అప్పు తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోయి ఉంటుంది. అది కొట్టించకపోతే మీ పేరు ఎక్కదు. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను అయిదేళ్లకోసారి మళ్లీ చేయించాలి. ఆఖరిసారి ఎప్పుడు చేయించారో అడగండి. గరివిడి బండికి ఆ కాగితం ఇంకా మాకు చూపించలేదు. వాడికి ఆ శబ్దం నచ్చింది, నాకు ఆ కాగితం కావాలి.

మా నాన్న మాసీ ఇప్పటికీ పాక కింద ఉంది. ఏడాదికి నాలుగు సార్లు లేపుతాను. మా వాడికి అదే ఇచ్చీయొచ్చు కదా అని మా ఆవిడ అడిగింది. ఇచ్చీవాణ్నే, గాని దాని కాగితాలు మా అన్నదమ్ముల ముగ్గురి పేరు మీదా ఉన్నాయి, అది వేరే పోస్టు.

ఆదివారం తెల్లవారుజామున మొదట గరివిడి, తర్వాత గుర్ల వెళ్తున్నాం. మా మేస్త్రీ వస్తానన్నాడు. మీలో ఎవరి దగ్గరైనా నాలుగు సిలిండర్ల పాత బీ-275 ఇంకా నడుస్తుంటే, దానికి హెడ్డు, హీటర్ ప్లగ్గులు ఎక్కడ తెస్తున్నారో శనివారం రాత్రి లోపల కింద రాయండి. దొరుకుతున్నాయని ఇద్దరు ముగ్గురు చెప్తే నేను మాట మార్చుకుంటాను, మా వాడు అందుకే ఈ పోస్టు రాయమని వెంటపడ్డాడు.